బండ చల్లారేదాకా ఆగండి: అనంతపురం మిద్దె మీద టెలిస్కోపు

మాది బుక్కరాయసముద్రం. చెరువుకు ఆ పక్క అనంతపురం, ఈ పక్క మేము. పంపుసెట్టు మోటార్లు చుట్టే షాపు నాది. పగలంతా కాలిన రాగితీగ వాసన, రాత్రయితే మిద్దె మీద టెలిస్కోపు. ఆరేళ్లుగా ఇదే వరస. నన్ను చూసి ఈ ఆరేళ్లలో నలుగురు టెలిస్కోపులు కొన్నారు. అందులో రెండు ఇప్పుడు అటక మీద ఉన్నాయి. తప్పు వాళ్లది కాదు. దొరికే సలహాలన్నీ చల్లని దేశాల వాళ్లు రాసినవి. పచ్చిక మీద పెట్టుకో, ధ్రువ నక్షత్రాన్ని చూసి సరిచేసుకో, మందపాటి కోటు వేసుకో అంటారు. మనకు పచ్చిక యాడుంది? ధ్రువుడు చూస్తే దుమ్ములో మునిగి అంచున ఉంటాడు. కోటు సంగతి చెప్పనే వద్దు. అందుకే మన ఎండకు, మన గాలికి, మన ఆకాశానికి సరిపోయేటట్టు రాస్తున్నాను.

కొనేటప్పుడు

నా మొదటి టెలిస్కోపు డబ్బా మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలతో వేసి ఉండె. ముందు కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లు, దాని నాభి దూరం, అంటే కటకం నుంచి వెలుగు ఒకచోట కూడేదాకా ఉండే దూరం, 700. ఎన్ని రెట్లో తెలుసుకునే లెక్క సులువు: నాభి దూరాన్ని ఐపీస్ (కన్ను పెట్టే చోట బిగించే చిన్న కటకం) అంకెతో భాగించాల. 4 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 175, దానికి మూడు రెట్ల బార్లో, అంటే రెట్లు పెంచే ఇంకో కటకం, తగిలిస్తే 525. లెక్కలో అబద్ధం లేదు. అయితే కటకం వెడల్పులో మిల్లీమీటరుకు రెండు రెట్లు, అంతకు మించితే దండగ. 60కి 120 చాలు. 525 దగ్గర చంద్రుడు పులుసులో నానిన వడలాగ కనపడినాడు. దాని కాళ్లేమో మిడత కాళ్లు. ముట్టుకుంటే వణుకు, ముట్టుకోకపోయినా వణుకు.

రెండోది సెకండ్ హ్యాండులో తీసుకున్నాను. ఇంజనీరింగ్ చదివిన పిల్లోడు బెంగళూరు ఉద్యోగానికి పోతా పోతా 11 వేలకు ఇచ్చిపోయినాడు. ఆరంగుళాల డాబ్సోనియన్. 150 మిల్లీమీటర్ల అద్దం, 1200 నాభి దూరం, చెక్క పీట మీద తిరిగే గొట్టం. 25, 10 మిల్లీమీటర్ల ఐపీస్‌లు రెండొచ్చినాయి, అంటే 48 రెట్లు, 120 రెట్లు. ఇప్పటిదాకా మూడో ఐపీస్ కొనలేదు. కొనాలని ఆశ లేక కాదు, అవసరం పడలేదు.

ఈక్వటోరియల్ మౌంట్ అని ఒక రకం స్టాండు ఉంది, భూమి తిరిగే ఇరుసుకు సమాంతరంగా నిలబెట్టి వాడేది. చూడ్డానికి ఇంజనీరింగంతా దాంట్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. మన దగ్గర దాంతో ఒక చిక్కు. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలకు దగ్గర. ఆ ఇరుసును అంత కిందికి వంచాల. కొన్ని మౌంట్‌లు 20 డిగ్రీలకన్నా దిగవు. దిగినా తూకానికి పెట్టే బరువు కడ్డీ పోయి స్టాండు కాలికి కొట్టుకుంటుంది. కొనే ముందు ఎన్ని డిగ్రీల దాకా దిగుతుందో అడగండి. కొత్తవాళ్లయితే ఆ జోలికే పోవద్దు, డాబ్సోనియనే తీసుకోండి. పీటకు బేరింగులు లేవే అని నాకు మొదట్లో చిన్నచూపు. మోటారు మెకానిక్కు బుద్ధి యాడికి పోతుంది, తిరిగే చోటల్లా గ్రీజు పూసినాను. వారం తిరగకముందే దానికి దుమ్ము అంటుకొని సాన పట్టినట్టు కరకరమని తిరిగె. కిరోసిన్‌తో కడిగి, అరిగిన టెఫ్లాన్ ముక్కలు తీసేసి కొత్తవి వేస్తే అప్పుడు దారికొచ్చింది. గ్రీజు వద్దు. ఆ పీట రాపిడి మీదనే నిలబడేది.

వేడి

ఇక్కడ నిదానంగా చదవండి. మన ఊళ్లలో టెలిస్కోపులు అటకెక్కేది వేడి వల్లనే, కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు.

మా మిద్దెకు పైన కడప బండలు పరిచినాం. ఏప్రిల్‌లో పగలంతా ఎండ తాగుతాయి, పొద్దు మునిగినాక కక్కుతాయి. రాత్రి తొమ్మిదైనా వట్టికాళ్లతో నిలబడలేం. ఆ వేడి పైకి లేస్తా ఉంటే దాని నడుమ నుంచి చూస్తున్నాం మనం. తారురోడ్డు మీద మధ్యాహ్నం దూరంగా నీళ్లు పారినట్టు కనపడుతుంది చూడండి, అదే ఆట, 120 రెట్లు పెద్దదిగా. గురుగ్రహం సలసల కాగే నీళ్లలో పైసాబిళ్ళ పడేసినట్టు కదులుతుంది. మనిషేమో ఫోకస్ గుండ్రను ముందుకొకసారి, వెనక్కొకసారి తిప్పి తిప్పి, టెలిస్కోపు బాగలేదని పెట్టెలో పెట్టేస్తాడు.

నేను మొదట చేసిన ఉపాయం: సాయంత్రం ఆరు గంటలకు నాలుగు బిందెల నీళ్లు మిద్దె మీద కుమ్మరించడం. పని చేస్తుంది, ఆరేటప్పటికి బండ వేడి చాలా లాగేస్తుంది. మా ఇంటామె ఒక మాట అనింది. "ఇంట్లో చుక్క నీళ్లు లేవంటే చుక్కలకు నీళ్లు పోస్తాండావా?" న్యాయమే కదా. అప్పటి నుంచి ఎండాకాలమంతా టెలిస్కోపు కళ్లంలోనే. మట్టినేల బండకన్నా చాలా ముందుగా చల్లారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మిద్దె, మార్చి నుంచి మే దాకా కళ్లం. కళ్లం లేనివాళ్లు రాత్రి పదకొండు దాటినాక మిద్దెక్కండి. తెల్లవారుజామున నాలుగుకైతే ఇంకా మేలు, అప్పటికి బండ కూడా అలసిపోయి ఉంటుంది.

నేలతోబాటు అద్దం కూడా చల్లారాల. గదిలో 38 డిగ్రీల్లో పడున్న గొట్టాన్ని తెచ్చి వెంటనే కన్ను పెడితే లోపలి గాలే కలతగా ఉంటుంది. ముప్పావుగంట ముందే బయట పెట్టి, మూత తీసి వదిలేయండి. నేనైతే సంగటి తినడానికి పోయేముందు పెట్టి పోతాను.

ఇంకోటి, చూసే దిక్కు. పక్కింటి రేకుల కొట్టం మీదుగా, చపాతీల హోటల్ పొగగొట్టం మీదుగా చూడొద్దు. ఎంత చల్లని రాత్రయినా ఆ దిక్కున చుక్కలు అల్లాడుతూనే ఉంటాయి. మామూలు కంటికే చుక్కలు గట్టిగా మిణుకుమంటా ఉంటే ఆ రాత్రి పెద్ద రెట్లు పెట్టినా ప్రయోజనం ఉండదు. 25 ఐపీస్‌తో గుంపులు, మబ్బుల్లాంటివి చూసుకొని దిగిపోవాల.

గాలి, వెలుగు

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి. రైతుకు శాపమే, అబద్ధమెందుకు, మనలాంటోళ్లకు వరం. అయితే జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బు కురవదు, అట్లని పోనూ పోదు. దానికి తోడు గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నాటలేదు. ఆ గాలికి ఆరంగుళాల గొట్టం తెరచాపే. ఆ మూడు నెలలు నేను టెలిస్కోపు బయటికి తీసేది తక్కువ. తీసినా కళ్లంలో గడ్డివామికి చాటున పెట్టుకుంటాను. మిద్దె మీదైతే పిట్టగోడ మూల, కూర్చుని చూసేంత ఎత్తులో. కూర్చుని చూడడం ఎప్పటికైనా మంచిదే, నిలబడి వంగితే పది నిమిషాల్లో నడుము గుర్తొస్తుంది.

మిద్దె మీద ఇంకొకరు నడిస్తే చుక్క ఎగిరి దూకుతుంది. పీట మూడు కాళ్ల కింద పాత ట్రాక్టర్ ట్యూబు ముక్కలు మందంగా వేసినాను, అదురు సగానికి పైగా తగ్గింది. గొట్టం ముందుకు తూగితే వెనక పక్క పాత స్పీకర్ అయస్కాంతం అతికించండి. ఇనప గొట్టమైతే అదే పట్టుకుంటుంది, ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు.

వెలుగు సంగతి. మాకు పడమటి దిక్కున అనంతపురం వెలుగు, కాబట్టి పడమరకు వాలినవి వదిలేస్తాను. వీధిలైటు నేరుగా కంట్లో పడుతుంటే నీళ్లట్యాంకు నీడలోకి జరగండి. కంటికి చీకటి పట్టాలంటే ఇరవై నిమిషాలు, అరగంట. నడుమ ఒకసారి ఫోను తెరిచినా మళ్లీ మొదటికే. చుక్కల చార్టు చూసుకోవడానికి టార్చికి ఎర్ర కాగితం కడతారు. నేను వైండింగుకు పూసే ఎర్ర వార్నిష్ టార్చి అద్దానికి రెండు పూతలు పూసినాను, ఊడేది లేదు, చిరిగేది లేదు. ఎర్ర వెలుగు చీకటి పట్టిన కంటిని అంతగా చెడగొట్టదు.

కరెంటు పోతే వీధంతా తిట్టుకుంటుంది. ఒక్క మా మిద్దె మీదనే సంబరం. నాది కరెంటు మీద బతికే వృత్తి, అయినా ఆ పది నిమిషాలు కరెంటు రాకపోతే బాగుండనుకుంటాను.

పంచాంగం, కార్తెలు

ఏ రాత్రి ఏం చూడాలో గోడ మీద తిథుల క్యాలెండరే చెబుతుంది, దానికి యాప్ అక్కర్లేదు. శుద్ధ పంచమి నుంచి దశమి దాకా చంద్రుణ్ణి చూడండి. బహుళ పంచమి దాటితే తొలి రాత్రి చీకటిగా ఉంటుంది, నక్షత్రాల గుంపులకు అది అదును. అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజులు నిద్ర పోగొట్టుకోవచ్చు.

మన రైతులకు నక్షత్రాల పేర్లు నేర్పే పని లేదు. రోహిణి, మృగశిర, ఆర్ద్ర, మఖ, చిత్త, స్వాతి అన్నీ కార్తెలుగా నోట్లో ఉన్నాయి. మా పెదనాయన ఒకసారి మే చివర్లో మిద్దెక్కి, "ఇప్పుడు రోహిణి కార్తె కదప్పా, రోహిణిని చూపించు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే కాలం. సూర్యుడు పక్కన కూర్చుంటే చుక్క ఎట్ల కనపడుతుంది? రోహిణి కార్తెలో రోహిణి కనపడదు, ఆర్ద్ర కార్తెలో ఆర్ద్ర కనపడదు. శెనక్కాయ విత్తే నాటికి ఆ చుక్కలన్నీ పగటి ఆకాశంలో ఉంటాయి. అవి కనపడాలంటే ఆరు నెలలు అటు తిప్పి డిసెంబరులో రావాల. పెదనాయన డిసెంబరులో వచ్చినాడు. రోహిణి మనకు దాదాపు నడినెత్తిన వస్తుంది, ఎర్రగా. మెడ నొప్పి పుట్టేంతసేపు చూసినాడు.

టెలిస్కోపు ముట్టుకోకముందు ఒక నెల వట్టి కంటితో తిరగండి. కృత్తికలను మా జేజి పిల్లలకోడి అనేది. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలను లేచే పొద్దు వేగుచుక్కను చూసి తెలుసుకునేవాళ్లట. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఈ పిడికిలి కొలత తెలిస్తే ఏ చార్టయినా పనికొస్తుంది.

మొదటి రాత్రి

ఫైండర్, అంటే గొట్టం మీద గురి చూసుకునే చిన్న సాధనం, సరిచేసుకునేది రాత్రి కాదు, సాయంత్రం వెలుగుండగా. 25 ఐపీస్ పెట్టి దూరంగా ఉన్న సెల్ టవర్ కొసనో, మా దగ్గరి దేవరకొండ గుట్ట మీది బండనో నట్టనడుమకు తెచ్చుకోండి. తర్వాత ఫైండర్ మరలు తిప్పి దాని గుర్తు కూడా అదే కొస మీదికి తేవాల. ఆ పని అయిపోతే రాత్రి సగం తగువు తీరినట్టే. అద్దాల టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగా ఉంటుంది, కంగారు పడొద్దు, ఆకాశానికి పైనా కిందా లేదు.

ఎప్పుడూ 25తోనే మొదలు. చుక్క దొరికినాక 10 మార్చండి. డాబ్సోనియన్‌కు మోటారు లేదు, భూమి తిరుగుతా ఉంటే చుక్క జారిపోతా ఉంటుంది. 48 రెట్ల దగ్గర ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగు నిమిషాలు, 120 దగ్గర నిమిషంన్నర. పిల్లలకు చూపించేటప్పుడు చుక్కను ఒక అంచున పెట్టి పిలవండి, వాడు మెట్లెక్కి వచ్చేలోపు నడుమకు వస్తుంది.

చంద్రుణ్ణి పున్నమి నాడు చూడొద్దు. నీడల్లేక గోడకు సున్నం కొట్టినట్టుంటాడు. అష్టమి, నవమి నాడు వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి పోండి, గుంటల గోడలు, వాటి నీడలు, నడుమ శిఖరాలు. కోపర్నికస్ గుంట వెడల్పు 93 కిలోమీటర్లు, ఇక్కడి నుంచి తాడిపత్రి దాటిపోయేంత. మా వీధి పిల్లలు ప్రతిసారీ అడిగేది ఒకటే: "మామా, చంద్రయాన్ యాడ దిగింది?" 2023 ఆగస్టు 23న దిగింది దక్షిణ ధ్రువం పక్కకు, 69 డిగ్రీల అక్షాంశం దగ్గర. ఆ దిక్కు చూపించొచ్చు, గుంటల మీద గుంటలుగా ఉంటుంది. విక్రమ్‌ను చూపించలేం. ఆరంగుళాల అద్దానికి చంద్రుడి మీద కిలోమీటరు కన్నా చిన్నది దొరకడమే కష్టం. ఈ మాట ముందే చెప్పండి, లేకుంటే టెలిస్కోపుదే తప్పనుకుంటారు.

గ్రహాలు మిణుకుమనవు, గట్టిగా నిలబడి వెలుగుతాయి. గురుగ్రహం దగ్గర రెండు పట్టీలు, ఒకే వరుసలో నాలుగు చందమామలు. ఒక నోటుబుక్కు పెట్టుకొని గుండ్రం, దాని పక్కన నాలుగు చుక్కలు, తేదీ, గంట వేసుకోండి. వారం తర్వాత తిప్పి చూస్తే అవి అటూ ఇటూ మారినట్టు మీ చేతిరాతే చెబుతుంది. 1610 జనవరిలో గెలీలియో చేసింది ఈ పనే, మనకున్నంత మంచి అద్దం కూడా ఆయనకు లేదు. శని వలయాలు 2025 మార్చిలో మనకు అంచు తిప్పినాయి. ఆ ఏడాదంతా పిల్లలు "ఉంగరం యాడ మామా?" అని నిలదీసినారు, సన్నని సూది గీత తప్ప ఏం చూపించాల! ఇప్పుడు మెల్లగా విచ్చుకుంటున్నాయి, 2032 నాటికి బాగా విప్పారతాయి.

చలికాలంలో మృగశిర పక్కనున్న మూడు చుక్కల నడికట్టుకు కింద ఎం 42 అనే వాయువు మబ్బుంటుంది. ఫొటోల్లో గులాబి రంగు, మన కంటికి బూడిదరంగు. రంగు కోసం వెతకొద్దు, నేరుగా కూడా చూడొద్దు. ఓరచూపు చూడాల. కంటి నడిమి భాగానికి చీకట్లో చూపు తక్కువ, అంచులకు ఎక్కువ. మబ్బుకు కొంచెం పక్కకు చూపు నిలిపితే రెక్కలు విచ్చినట్టు పెద్దదవుతుంది. దాని నడుమ నాలుగు చుక్కలు గట్టిగా దగ్గరగా, వాటిని 120 రెట్ల దగ్గర చూడండి.

దక్షిణం మన సొత్తు

ఉత్తరాది వాళ్లకు, యూరప్ వాళ్లకు లేనిది మనకొకటుంది, దక్షిణ ఆకాశం. ధ్రువ నక్షత్రం పిడికిలిన్నర ఎత్తులోనే ఉందంటే దక్షిణాన అంత మేర మనకు తెరుచుకున్నట్టు. మిద్దె మీద చోటు ఎంచుకునేటప్పుడు నీళ్లట్యాంకు, మెట్లగది ఉత్తరం పక్కకు పోయేటట్టు కూర్చోండి. దక్షిణం ఖాళీగా ఉండాల.

జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో మృగవ్యాధుడు, అంటే సిరియస్, ఆకాశంలో అన్నిటికన్నా మెరిసే చుక్క. దానికి తిన్నగా కింద మూడున్నర పిడికిళ్ల దూరంలో అగస్త్యుడు. వింధ్యను వంచి దక్షిణానికి వచ్చి మళ్లీ పోని ముని అని కథ. కథ చెప్పిన వాళ్లు ఆకాశం చూసే చెప్పినారు. ఢిల్లీలో ఆయన దుమ్ము మీద తేలతా ఉంటాడు, లండన్‌లో తల కూడా ఎత్తడు, మనకు రెండు పిడికిళ్లకు పైనే నిలబడతాడు.

ఇంక ఈ రాసిందంతా దేనికోసమో అదిప్పుడు చెబుతాను. మే నెల నడుమ, అమావాస్య దగ్గర, రాత్రి పది దాటినాక కళ్లంలోకి పోండి. దక్షిణానికి తిరిగి నిలబడితే ఎత్తున తెల్లగా చిత్త ఉంటుంది. ఆ రోజుల్లో అది నడిదక్షిణానికి వచ్చే వేళ అదే. చిత్త నుంచి నిలువునా కిందికి దిగండి, మూడున్నర పిడికిళ్లు. అక్కడ మసకగా, ఫోకస్ తప్పిన చుక్కలాంటిది ఒకటుంటుంది. వట్టి కంటికే ఓరచూపుకు తగులుతుంది. కింద కుడిపక్కకు కొంచెం వాలి త్రిశంకు నాలుగు చుక్కలు, ఎడమపక్క గట్టి చుక్కలు రెండు. ఈ రెంటికీ పైన ఆ మసక ఉందంటే దారి తప్పలేదు. 25 ఐపీస్ పెట్టండి.

అది ఒమేగా సెంటారి. చుక్కల గుంపుల్లో మన పాలపుంతకు అదే పెద్దది, సుమారు కోటి నక్షత్రాలు, వెలుగు మన దగ్గరికి రావడానికి 17 వేల ఏళ్లు. మొదట గుండ్రని పొగ. ఓపిగ్గా చూస్తా ఉంటే పొగ గింజగింజగా విడిపోతుంది. 120కి మారిస్తే ఐపీస్ నిండా అదే. మా షాపులో పని నేర్చుకునే పిల్లోడు మొదటిసారి కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత అన్నాడు, "అన్నా, నల్లబండ మీద ఎవురో రవ్వ వొలకబోసినారు." ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

అక్కడే ఉండి ఒక గంట ఆగితే ఎడమపక్క ఉన్న గట్టి చుక్కల్లో కిందిది నడిదక్షిణానికి వస్తుంది. ఆల్ఫా సెంటారి, సూర్యుడి తర్వాత వట్టి కంటికి కనపడే వాటిలో మనకు దగ్గరి నక్షత్రం, 4.37 కాంతి సంవత్సరాలు. 120 రెట్ల దగ్గర రెండుగా చీలుతుంది. అప్పటికి తూర్పు దక్షిణాన వృశ్చికం లేచి ఉంటుంది, జ్యేష్ఠ ఎర్రగా, తోక కొక్కెంలాగ. తేలంటే తేలే. తోక కొస పక్క ఎం 7 గుంపు వట్టి కంటికే దొరుకుతుంది. కళ్లంలో అసలు తేలు కూడా ఉంటుంది, అందుకే చెప్పులు దులిపి తొడగండి, చీకట్లో చేయి పీట కింద పెట్టొద్దు.

అద్దాలు సరిపెట్టడం

మోటారుకు పంపుకు కప్లింగ్ సరిగా లేకపోతే ఎట్ల అదురుతుందో, టెలిస్కోపు రెండద్దాలు ఒకే గీతలో లేకపోతే చుక్కలు అట్ల తోకలు పెట్టుకుంటాయి. బైక్ మీద తెచ్చినా, మిద్దెక్కించినా ఒకసారి చూసుకోవాల. ఐపీస్ తీసి, దాని చోట నడుమ రెండు మిల్లీమీటర్ల బెజ్జమున్న మూత పెట్టుకొని అందులోంచి చూడండి. పైనున్న చిన్న అద్దంలో కిందున్న పెద్ద అద్దం మొత్తం, దాని మూడు క్లిప్పులతో సహా కనపడాల. లేకుంటే చిన్న అద్దం మూడు మరలు సరిచేయాల. ఈ పనికి గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. నిలబెట్టి చేస్తే అలెన్ కీ జారి పెద్ద అద్దం మీద పడుతుంది. తర్వాత వెనక పక్క మూడు మరలతో పెద్ద అద్దం నడుమనున్న గుర్తును మీ బెజ్జం ప్రతిబింబం మీదికి తేవాల. ఒక మర బిగిస్తే ఇంకొకటి సడలించాల, మరీ గట్టిగా బిగించొద్దు.

రాత్రి సరిచూసుకునేందుకు ఒక చుక్కను ఫోకస్ తప్పించండి. వలయాలు ఒకదాంట్లో ఒకటి నడుమగా ఉంటే సరి, ఒక పక్కకు జరిగితే ఇంకా పనుంది. ధ్రువ నక్షత్రం కదలదు కాబట్టి దాన్నే వాడమంటారు. మనకది కిందుండి, గాలి కలతలో ఉడుకుతా ఉంటుంది. ఎత్తున ఉండే మధ్యరకం చుక్క ఏదైనా తీసుకోండి, జారిపోతే మళ్లీ నెట్టుకోండి.

అద్దం మీద దుమ్ము పడిందని ఒకరోజు షాపులో వేస్టు గుడ్డతో తుడిచినాను. గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ముందు పక్క పూత పల్చటిది, గుడ్డ తగలకూడదు. కొంత దుమ్ము వల్ల నష్టం ఏమీ లేదు. మరీ పట్టిపోతే రెండేళ్లకొకసారి విప్పి, డిస్టిల్డ్ వాటర్ ధారగా పోసి, నిలువుగా ఆనించి ఆరబెట్టడమే.

సూర్యుడి జోలి

పగలు టెలిస్కోపు మూత తీసి పెట్టి పోవద్దు. సూర్యుడి వైపు తిప్పి కన్ను పెడితే కన్ను పోతుంది, రెండో మాట లేదు. చౌక టెలిస్కోపులతో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల సూర్య ఫిల్టర్ ఒకటిస్తారు. అది వేడికి పగిలే రకం, వెంటనే సుత్తితో కొట్టి పారేయండి, పిల్లల చేతికి దొరక్కూడదు. చూడాలంటే గొట్టం ముందు మూతికి మొత్తంగా కట్టే సరైన సూర్య ఫిల్టరే వాడాల, ఫైండర్‌కు మూత పెట్టాల. సూర్యుణ్ణి పట్టుకొని పెద్ద పనులే చేసినారు. 1868 ఆగస్టు 18 గ్రహణాన్ని ఫ్రాన్స్ నుంచి వచ్చిన శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో నిలబడి చూసినాడు, హీలియం అనే వాయువు కథ మొదలైన గ్రహణం అదే. ఆయన దగ్గర సరైన పనిముట్లు ఉన్నాయి. మన దగ్గర లేకుంటే ఊరుకోవడమే.

దించి పెట్టేటప్పుడు

చలికాలం తెల్లవారుజామున గొట్టం మంచుతో తడుస్తుంది. తడి మీద మూతలు బిగించొద్దు, లోపలికి తెచ్చి గంట ఆరనిచ్చి అప్పుడు పెట్టండి. ఫైండర్ కటకం మీద మంచు పడితే తుడవకుండా, హెయిర్ డ్రయర్ దూరం నుంచి పట్టండి.

ఐపీస్ పెట్టే రంధ్రానికి మూత పోయిందని నేను ఒక ఎండాకాలం అట్లే వదిలేసినాను. మట్టిగూడు పెట్టే కందిరీగకు ఆ కొలత సరిగ్గా సరిపోయింది. జూన్‌లో తీసి చూస్తే లోపల మూడు గదుల మట్టి ఇల్లు. మోటార్లు చుట్టే వాడి చేతికి అలవాటే కదా, వెదురు పుల్లతో మెల్లగా ఊడదీసి, గొట్టం తలకిందులు చేసి దులిపినాను. ఇప్పుడు ఆ రంధ్రానికి పాత పౌడరు డబ్బా మూత బిగించినాను. కొత్త మూత దొరికేదాకా అనుకున్నా, మూడేళ్లయింది, అదే ఉంది.